బాత్రూమ్ రెనొవేషన్‌లో గ్యాస్ పైప్‌ను మూసేస్తున్నారా? ఆ బాక్స్‌కు గాలి ఆడుతుందో లేదో చూసుకోండి!

బాత్రూమ్‌కు కొత్త టైల్స్, ఫాల్స్ సీలింగ్, ఎల్ఈడీ లైట్లు.. అన్నీ అనుకున్నట్టే వస్తున్నాయి. కంటికి అడ్డంగా ఉన్నది ఒక్కటే, గోడ మీదుగా గీజర్‌కు వెళ్లే గ్యాస్ పైప్. "బాక్స్ కట్టి మూసేద్దాం సార్, ఎవరికీ కనిపించదు" అంటాడు మేస్త్రి. ఇంటాయన సరే అంటాడు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

పైప్‌ను కప్పడం తప్పు కాదు. గాలి ఆడకుండా కప్పితేనే ప్రమాదం. పైప్ బయటికి ఉంటే జాయింట్ దగ్గర కాస్త లీకైనా వాసన వస్తుంది, గ్యాస్ కూడా గాలిలో పలచబడిపోతుంది. నిజానికి గ్యాస్‌కు సొంత వాసన ఉండదు. లీకైతే తెలియాలనే మెర్‌కాప్టాన్ అనే ఘాటు రసాయనం కలుపుతారు. అదే లీకు మూసిన బాక్స్‌లో అయితే వాసన మన ముక్కుదాకా వచ్చేసరికే లోపల గ్యాస్ పేరుకుపోయి ఉంటుంది.

మరి రంధ్రాలు ఎక్కడ పెట్టాలి? అది మీ ఇంట్లో ఏ గ్యాస్ ఉందనే దాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల పైప్‌లైన్‌లో వచ్చేది సహజవాయువు, అంటే ప్రధానంగా మీథేన్. గాలి కంటే తేలిక, పైకి పోతుంది. గాలిలో సుమారు 5 శాతం చేరితే చాలు, నిప్పు రవ్వకు అంటుకుంటుంది. సిలిండర్‌లోని ఎల్పీజీ ఇందుకు పూర్తిగా రివర్స్. గాలి కంటే బరువు, నేలబారుగా పాకుతుంది. దీనికి దాదాపు 2 శాతమే చాలు.

అందుకే బాక్స్‌కు పైనా కిందా రెండు చోట్లా జాలీ ఉండాలి. ఒక్క రంధ్రం పెట్టి వదిలేస్తే గాలి తిరగదు. ఆ రంధ్రాలు బయటి గాలిలోకి తెరుచుకుంటే మంచిది. చాలా ఇళ్లలో బాక్స్ పై చివర నేరుగా ఫాల్స్ సీలింగ్‌లోకి వెళ్తుంది. మీథేన్ లీకైతే చేరేది అక్కడికే, ఎల్ఈడీ వైర్ల జాయింట్లు ఉండేదీ అక్కడే! ఎల్పీజీ అయితే నహానీ ట్రాప్‌లోకి, సంకెన్ స్లాబ్‌లోకి దిగుతుంది. కాబట్టి గ్యాస్ పైప్‌ను ఫ్లోరింగ్ కింద నుంచి తీసుకెళ్లడం అస్సలు వద్దు.

కొందరు బాక్స్ కూడా ఎందుకని గోడ కొట్టి, పైప్ పెట్టి, సిమెంట్ పూసేస్తారు. తేమకు పైప్ తుప్పు పట్టినా బయటికి తెలియదు. రెండేళ్ల తర్వాత టవల్ రాడ్ బిగించడానికి వచ్చినవాడి డ్రిల్ నేరుగా పైప్‌లోకి దిగొచ్చు. బాక్స్ అయితే స్క్రూలు విప్పి చూసుకోవచ్చు. లోపల జాయింట్లు, వాల్వ్‌లు లేకుండా చూడాలి. వాల్వ్ ఎప్పుడూ చేతికి అందేలా బయటే ఉండాలి.

పైప్ జరపాలన్నా, కోయాలన్నా గ్యాస్ కంపెనీ టెక్నీషియన్‌నే పిలవాలి. నీళ్ల పైపులు బాగా చేసే ప్లంబర్ అయినా సరే, ఈ పని ఆయనది కాదు. మూసే ముందు లీక్ టెస్ట్ మీ కళ్లముందే చేయించండి. టేప్ పెట్టి కొలతలు కనిపించేలా పైప్ ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి.

ఇంకో మాట. బాక్స్‌కు జాలీ పెట్టించాం కదా అని గీజర్ విషయంలో ధీమా వద్దు. గ్యాస్ గీజర్ మండేటప్పుడు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు, వాసన రెండూ ఉండవు. తలుపు వేసుకుని స్నానం చేస్తున్న మనిషి తెలియకుండానే స్పృహ తప్పుతాడు. గీజర్‌ను బాత్రూమ్ బయట పెట్టించి, లోపలికి వేడినీళ్ల పైప్ మాత్రమే తెచ్చుకోవాలి.

గ్యాస్ వాసన వస్తే లైట్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్‌లు వేయొద్దు, ఆపొద్దు. వాల్వ్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి బయటికొచ్చాకే ఫోన్ చేయండి. ఎల్పీజీ ఎమర్జెన్సీ నంబర్ 1906. పైప్‌లైన్ గ్యాస్ అయితే మీ బిల్లుపై ఉండే ఎమర్జెన్సీ నంబర్‌కు కాల్ చేయాలి.