టైటానియం ఫ్రేమ్ చేయించుకోవాలంటే: డబ్బు కంటే ముందు డ్రాయింగ్ చూడండి

ఈ ఎపిసోడ్‌లో కొంచెం ఖరీదైన టాపిక్: మన ఒంటి కొలతలకు టైటానియం సైకిల్ ఫ్రేమ్ చేయించుకోవడం. బాన్సువాడలో కూర్చుని టైటానియం ముచ్చట ఏంటి అని నవ్వకండి. నిజాంసాగర్ దాకా, బోధన్ దాకా లాంగ్ రైడ్లు అలవాటైనవాళ్ళు ఏదో ఒక రోజు ఈ ప్రశ్న దగ్గరికి వస్తారు.

ముందు ఒక విషయం. ఈ లోహం మనకు దూరపు చుట్టమేమీ కాదు. 1973లో హైదరాబాద్‌లో పెట్టిన మిధాని టైటానియం మిశ్రమాలు తయారు చేస్తుంది. అదే ఊళ్ళో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ విమాన, రాకెట్ అవసరాలకు టైటానియం ట్యూబులు తీస్తుంది. 3 శాతం అల్యూమినియం, 2.5 శాతం వెనేడియం కలిసిన రకం అది. సైకిల్ వాళ్ళు గ్రేడ్ 9 అని పిలిచేది కూడా ఇదే. కాకపోతే ఆ ట్యూబులు సైకిళ్ళ కోసం కాదు. ఫ్రేమ్ కావాలంటే అమెరికాలో మూట్స్, సెవెన్ లాంటి వాళ్ళకో, చైనాలో వాల్ట్లీ లాంటి వాళ్ళకో రాయాల్సిందే. సుంకాలన్నీ కలిపితే ఫ్రేమ్ ఒక్కటే లక్ష పైమాటే అనుకోండి.

మరి అంత పెట్టి ఏం వస్తుంది? తుప్పు పట్టదు. స్టీల్ బరువులో దాదాపు 57 శాతమే. కానీ అదే సైజు ట్యూబ్ తీసుకుంటే గట్టిదనం కూడా స్టీల్‌లో సగమే. అందుకే టైటానియం ట్యూబులు లావుగా ఉంటాయి. గోడ మందం మార్చకుండా వ్యాసం 10 శాతం పెంచితే గట్టిదనం 33 శాతం దాకా పెరుగుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు, "టైటానియం అంటేనే మెత్తగా పోతుంది" అనే మాట నమ్మరు. మెత్తగా పోవాలా, బిగుతుగా పోవాలా అన్నది బిల్డర్ ఎంచుకునే ట్యూబ్ చెబుతుంది. కాబట్టి మీ బరువు, మీరు మోసే సామాను, తిరిగే రోడ్లు అతనికి దాచకుండా చెప్పండి. వడ్లు ఆరబోసిన రోడ్డు మీద పక్కకు దిగి కంకరలో తొక్కుతారా? అదీ చెప్పండి. టైర్ 28 మిల్లీమీటర్లా 40 మిల్లీమీటర్లా అన్నది అక్కడే తేలుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. బిల్డర్ మీకు ఒక క్యాడ్ డ్రాయింగ్ పంపుతాడు. మీరు ఓకే అన్నాకే ట్యూబులు కోస్తాడు. కోశాక ఇక వెనక్కి లేదు. సాఫ్ట్‌వేర్‌లో అయితే ప్రొడక్షన్‌లోకి పోయాక కూడా ప్యాచ్ వేస్తాం. ఇక్కడ ఆ సౌకర్యం లేదు.

డ్రాయింగ్‌లో ముందు స్టాక్, రీచ్ చూడండి. పెడల్ ఇరుసు నడిమధ్య నుంచి హెడ్ ట్యూబ్ పైఅంచుకు ఎంత ఎత్తు అనేది స్టాక్, ఎంత ముందుకు అనేది రీచ్. వీటికి ఒంటి కొలతలు మాత్రమే పంపితే సరిపోదు. ఇప్పుడు నడుం నొప్పి లేకుండా తొక్కుతున్న సైకిల్ ఉంటే, దాని సీటు ఎత్తు, సీటు ముక్కు నుంచి హ్యాండిల్ దాకా దూరం టేపుతో కొలిచి పంపండి. ఆన్‌లైన్ కాలిక్యులేటర్ కంటే నాకు దాని మీదే నమ్మకం.

తర్వాత ఫోర్క్. అది మామూలుగా వేరే కంపెనీ కార్బన్ ఫోర్క్ అయి ఉంటుంది. దాని పొడవు డ్రాయింగ్‌లో రాసి ఉండాలి. 10 మిల్లీమీటర్లు తేడా వస్తే ముందు కోణం సుమారు అర డిగ్రీ మారుతుంది, హ్యాండిల్ తిరిగే తీరే మారిపోతుంది. పెడల్ ఇరుసు దగ్గర మరలున్న బీఎస్ఏ రకమే అడగండి. నొక్కి బిగించే రకం కిర్రుమంటే దాని సంగతి చూసేవాళ్ళు మన దగ్గర దొరకరు.

వెల్డింగ్ దగ్గర కాస్త ఆగుదాం. వేడెక్కిన టైటానియం గాలిలోని ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను పీల్చుకుని పెళుసైపోతుంది. అందుకే బయటా, ట్యూబ్ లోపలా ఆర్గాన్ వాయువు నింపి టిగ్ వెల్డింగ్ చేస్తారు. అతుకు వెండిలా మెరుస్తుంటే మంచిది. లేత గడ్డి రంగు పర్వాలేదు. ముదురు నీలం, బూడిద రంగు, తెల్ల పొడి కనిపిస్తే లోపలికి గాలి తగిలినట్టే. పాలిష్ పట్టాక ఈ రంగులు పోతాయి, తప్పు మాత్రం లోపలే ఉంటుంది. కాబట్టి ఫినిషింగ్‌కు ముందు అతుకుల ఫోటోలు ఇస్తారా అని అడ్వాన్స్ కట్టకముందే అడగండి. నీళ్ళు నమిలితే వేరే బిల్డర్‌ను చూసుకోండి.

ఎందుకింత పట్టుదల అంటే, స్టీల్ ఫ్రేమ్ విరిగితే మన ఊరి వెల్డింగ్ షాపులో అతికించుకుని ఇంటికొస్తాం. టైటానియం ఆ షాపులో అతకదు. లైఫ్‌టైమ్ గ్యారంటీ ఉన్నా, ఫ్రేమ్ అక్కడిదాకా పంపే ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. ఇది ఆలోచించి స్టీల్ దగ్గరే ఆగిపోతే అందులో తక్కువతనం ఏమీ లేదు.

కస్టమ్స్ గురించి రెండు మాటలు. సుంకం ఫ్రేమ్ ధర మీదే కాదు, రవాణా, బీమా కలిపిన విలువ మీద పడుతుంది, దాని మీద జీఎస్‌టీ. సరుకు దిగకముందే కొరియర్ వాళ్ళకు కేవైసీ కాగితాలు ఇవ్వండి. బాక్స్ తెరిచేటప్పుడు వీడియో తీయండి. సీట్ పోస్ట్ అల్యూమినియందైతే యాంటీ సీజ్ పేస్ట్ పూయకుండా దించకండి, రెండు లోహాలు పట్టేసుకుంటే తర్వాత ఊడిరాదు. కార్బన్ పోస్ట్‌కు పేస్ట్ వేరే ఉంటుంది, అది వచ్చే ఎపిసోడ్‌లో ఫోర్క్‌తో పాటు చూపిస్తాను.