రాజుగారి ఓడలు - వడ్రంగుల పేళ్లు

మన పల్లెలలో వడ్రంగి రైతునకు నాగలి చెక్కియిచ్చి, పంట వచ్చినపుడు కళ్లము వద్ద మేర పుచ్చుకొనుట పెద్దలెఱిగినదే. అది దానము కాదు, దొంగతనమును కాదు; చేసిన పనికి ప్రతిఫలము. ఇంగ్లండు రాజుగారి ఓడలు కట్టిన వడ్రంగులకును పదునెనిమిదవ శతాబ్దిలో అట్టి మామూలు ఒకటి యుండెను. దాని పేరు ‘చిప్స్’, అనగా పేళ్లు.

డెట్‌ఫర్డ్, వుల్విచ్, చాటమ్, పోర్ట్స్‌మత్, ప్లిమత్ - ఇవి నాటి ప్రధాన నౌకాశాలలు. అందు ఓడ వడ్రంగి దినకూలి 2 షిల్లింగుల 1 పెన్నీ. శతాబ్ది పొడుగునను ఆ రేటు కదలలేదు. అది యొక బాధ. ఆ డబ్బైనను చేతికి రాకపోవుట అంతకు మించిన బాధ. మూడు నెలలకొకసారి ఈయవలసిన జీతము యుద్ధకాలమున ఏడాది గడచినను వచ్చెడిది కాదు. అంతవఱకు అంగడివాని అప్పే గతి.

పేళ్లు మాత్రము ఏనాటికానాడు వచ్చెడివి. దూలమును గొడ్డలితోను బాడిసతోను చెక్కునపుడు రాలిన ముక్కలను పనివాడు ఇంటికి కొనిపోవచ్చును. పొయ్యిలోనికి కొన్ని, అమ్మకమునకు కొన్ని. కాలక్రమమున రాలినవి చాలక, మంచి కొయ్యనే కోసి పేళ్లనిపించుట మొదలయ్యెను. ముక్క 3 అడుగులుండరాదని కట్టడి చేయగా, అన్నియు 3 అడుగులకు ఒకింత తక్కువగా తెగుచుండెను! పనిగంటలు ఇందుకే చెల్లుచున్నవని అధికారుల మొఱ. అందు నిజము లేకపోలేదు. కాని జీతము నిలిపిన యజమానికి ఆ మాట యనుటకు నోరెట్లు వచ్చెనో!

చిత్రమేమనగా, ద్వారము దాటునపుడు చంకలోని పేడు హక్కు. జేబులోని త్రాటిముక్క నేరము. రాజుగారి సామగ్రిపై బాణపు గుర్తు, త్రాళ్లలో గుర్తునూలు ఉండెడివి. అట్టిది అక్రమముగా ఉంచుకొన్నవానిని శిక్షించుటకు పదునేడవ శతాబ్ది చివరనే చట్టము చేసిరి.

1775లో సర్కారు వేఱొక త్రోవ త్రొక్కెను. పనిని కొలిచి, కొలతను బట్టి కూలి యిత్తుమనెను. ఎక్కువ చేసినవానికి ఎక్కువ. నేటి బోనస్ పథకములకు ఇది తాతవంటిది. వడ్రంగులు సంతోషింపలేదు, సమ్మె చేసిరి. వారి ముఠాలలో ముదుసలియు పడుచువాడును కలసి పనిచేసెడివారు. కొలత వచ్చినచో ఒడలు గుల్లయగునని, శక్తి ఉడిగినవారు వెనుకబడుదురని వారి భయము. తుదకు ఇష్టమున్నవారికే ఆ పద్ధతియని సర్కారు దిగివచ్చెను.

పేళ్ల మామూలు 1801లో రద్దయ్యెను. తత్త్వవేత్త జెరిమీ బెంథామ్ తమ్ముడు శామ్యూల్, నౌకాశాలల తనిఖీ అధికారియై, దానిని మాన్పవలెనని పట్టుబట్టినవారిలో ఒకడు. మాన్పినపుడు వెల కట్టక తప్పలేదు: వడ్రంగికి దినమునకు 6 పెన్నీలు, కూలివానికి 3. షిల్లింగునకు 12 పెన్నీలు గదా. వడ్రంగి కూలి 25 పెన్నీలు. విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును. అంతవఱకు నిందల పాలైన పేళ్లకు సర్కారే కట్టిన వెల, కూలిలో ఇంచుమించు నాలుగవ వంతు! ఆ యేడే రొట్టె ధర మండిపోవుచుండగా కూలి పెంపు కోరి ముందు నిలిచిన పనివారు పలువురు కొలువునుండి తొలగింపబడిరి.