వనభోజనాలు – చెరువు కట్ట భద్రత



కార్తీక మాసము రాగానే వనభోజనముల సందడి మొదలగును. ఖిలా వరంగల్‌లో మట్టికోట, రాతికోట, నాలుగు కీర్తితోరణములు, ఏకశిల గుట్ట చూచిన పిమ్మట, పిల్లలకు నీటి ఒడ్డున ఒక పూట గడుపవలెనని కోరిక పుట్టుట సహజము. అట్టివారు తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరమున, నర్సంపేట దాటి యున్న పాకాల చెరువునకు పోవుచుందురు. గణపతిదేవ చక్రవర్తి కాలములో వాగునకు అడ్డముగా కట్ట వేసి దీనిని నిర్మించిరి. చుట్టునున్న అడవిని 1952లో అభయారణ్యముగా ప్రకటించిరి.

సంవత్సరమంతయు పొలములో శ్రమించు కుటుంబమునకు ఇట్టి విశ్రాంతి అవసరమే. అయితే కార్తీకములో చెరువునందున్న నీరే యాసంగి పంటకు పెట్టుబడి. ఆయకట్టు రైతే అతిథిగా పోయి దానికి హాని చేయరాదు గదా! ఈ దిగువ సంగతులు గమనింపుడు.

కట్ట రాళ్ళు: కట్ట లోపలివైపు పరచిన రాళ్ళు అలల దెబ్బనుండి మట్టిని కాపాడును. పొయ్యి కొరకు మూడు రాళ్ళు లాగినచో, ఆ ఖాళీలో అల తగిలి మట్టి కోసికొనిపోవును, పైరాళ్ళు జారును. పది కుటుంబములు పది పొయ్యిలు పెట్టిన ముప్పది రాళ్ళు కదలును. వానలకు చెరువు నిండినప్పుడు గండి పడుటకు అదే మొదలు కావచ్చును. కట్టపైకి బండ్లు ఎక్కించుటయు మంచిది కాదు.

నిప్పు: అభయారణ్యమునకు ప్రమాదము కలుగునట్లు నిప్పు రాజేయుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. వంట ఇంటివద్దనే చేసికొని పోవుట మేలు.

చెత్త: మోదుగాకు విస్తరి మట్టిలో కలిసి ఎరువగును. ప్లాస్టిక్ పళ్లెము తూమునకు అడ్డుపడును. పిల్లకాలువలో చిక్కి చివరి మడికి నీరందనీయదు. పశువు మింగినచో దాని కడుపులోనే ఉండిపోవును. కావున ఒక సంచి వెంట తీసికొనిపోయి, చెత్తనంతయు అందులో వేసి తిరిగి తెచ్చుకొనవలెను.

ప్రాణభద్రత: మత్తడి రాళ్ళపై పాచి పట్టియుండును. నీరు మోకాలి లోతే యైనను, ఒరవడిలో కాలు జారినచో ఈత వచ్చినవాడును నిలువలేడు. తూము తెరచినప్పుడు పైన నీరు నిమ్మళముగా కనిపించినను అడుగున బలముగా లాగును. ఈ రెండు చోట్లకును పిల్లలను పోనీయరాదు. ఎవరైన మునుగుచున్నచో వెంటనే దూకక, గట్టునుండి తాడో, పొడుగు కర్రయో, చీర కొంగో అందింపవలెను. మూత బిగించిన ఖాళీ డబ్బా విసరినను ఆధారమగును.

గ్రామాధికారులకు మనవి: పాకాలయే గాక, 2015లో మొదలైన మిషన్ కాకతీయ క్రింద బాగుపడిన ఊరి చెరువుల వద్దకును నేడు జనము వచ్చుచున్నారు. కావున కార్తీకమునకు ముందే కట్ట దిగువన బండ్లు నిలుపుటకు చోటు చూపుడు. మత్తడివద్ద హెచ్చరిక పలక నాటింపుడు. పొడుగు తాడొకటి అందుబాటులో ఉంచుడు. ఆదివారములలో ఊరి యువకులిద్దరిని కాపలా ఉంచుడు. పండుగ ముగిసిన తరువాత కట్ట వెంట ఒకమారు నడచి, కదలిన రాళ్ళను వెంటనే తిరిగి పేర్పింపుడు. ఒక పూట పనితో కట్టయు, దాని క్రింది పంటయు నిలుచును.