గంప వ్యాపారులకు నేర్పాల్సిందేమిటి?

కె.సి. కాలువలో నీళ్లు పారినంత కాలం చాపాడు మండలంలో కూలీ ఆడవాళ్లకు నాట్లని, కలుపని ఏదో ఒక పని దొరుకుతుంది. కాలువ కట్టేసినాక గత్యంతరం లేక వాళ్లలో కొందరు గంప ఎత్తుకుంటారు. తెల్లవారకముందే ఆటో ఎక్కి ప్రొద్దుటూరు మండీకి పోయి, వేలంలో వంకాయలో టమాటాలో కొని, అక్కడే వీధివీధీ తిరిగి అమ్ముకుని పొద్దు వాలినాక ఊరు చేరుతారు. కాబట్టి చిన్న వ్యాపారుల గొడవ మనకెందుకులే అని వ్యవసాయ కార్మికులెవరూ అనుకోవడానికి లేదు. కొన్ని నెలలు కూలి, కొన్ని నెలలు వ్యాపారి; మనిషి మాత్రం ఒక్కరే.

ఈ వ్యాపారులకు శిక్షణ ఇస్తే వ్యాపారం పెరుగుతుందని పాలకులు చెబుతున్నారు. 2020 జూన్‌లో కేంద్రం పి.ఎం. స్వనిధి పథకం తెచ్చి 10 వేల రూపాయల అప్పుతో మొదలుపెట్టింది. 2021 జనవరిలో 'మై భీ డిజిటల్' పేరిట పట్టణాల్లో వీధి వ్యాపారులకు ఫోనులో డబ్బు తీసుకోవడం నేర్పించారు. 2025 ఆగస్టులో పథకాన్ని 2030 మార్చి దాకా పొడిగించి, మొదటి అప్పును 15 వేలకు పెంచి, వ్యాపార మెలకువల్లో, డబ్బు లెక్కల్లో కూడా శిక్షణ ఇస్తామన్నారు.

శిక్షణను మేము తప్పుపట్టడం లేదు. లెక్క రాయడం వచ్చిన మనిషిని మోసం చేయడం కష్టం. ఆమాటకొస్తే మా కార్యకర్తల్లో చాలామందిమి నాలుగు ముక్కలు నేర్చుకున్నది సంఘం ఆఫీసులోనే. కానీ రోగమొకటైతే మందొకటి అయితే ఎట్లా? మా సభ్యురాలు ఒకామె చెప్పిన మాట: "ఫోను నొక్కేది నేర్పిచ్చినారన్నా, బాగానే ఉండాది. తెల్లారి మండీకి పొయ్యేదానికి దుడ్లు యాడ తేవాల్నో మాత్రం ఎవురూ చెప్పలే."

అసలు సంగతి ఈ దుడ్ల దగ్గరే ఉంది. చెన్నై కోయంబేడు మార్కెట్లో పరిశోధకులు ఇలాంటి వ్యాపారుల లెక్కలు తీశారు. పొద్దున వెయ్యి రూపాయలు రోజు వడ్డీకి తెచ్చి సరుకు కొంటే, సాయంత్రానికి 1,100 చేతికొస్తుంది. వడ్డీ రోజుకు నూటికి 5. అంటే మిగిలిన వందలో 50 రూపాయలు ఎండలో నిలబడని వాడి జేబులోకి పోయె! ఫోనులో డబ్బు తీసుకున్నందుకు స్వనిధి మొదట ప్రకటించిన బహుమానం నెలకు గరిష్ఠంగా 100 రూపాయలు. వడ్డీవ్యాపారికి రెండు రోజుల్లో పోయేది అంతే.

ఆ పరిశోధకులు ఇంకో పని కూడా చేశారు. చెన్నైలోనూ ఫిలిప్పీన్స్‌లోనూ కొందరు చిన్న వ్యాపారుల వడ్డీ అప్పు మొత్తం తామే తీర్చేశారు. అధిక వడ్డీ ఎంత నష్టమో కొందరికి తరగతి కూడా చెప్పారు. అయినా ఎక్కువమంది ఆరు వారాల్లోనే మళ్లీ అప్పులో పడ్డారు. తెలివి లేకనా? మేమలా అనుకోవడం లేదు. ఒక్క దినం వాన పడినా, ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చినా, కొన్న బస్తాలో సగం కుళ్లినా ఆదుకునేందుకు వెనకేసిన పైసా లేకపోతే, ఎంత చదువు చెప్పినా మనిషి వడ్డీవ్యాపారి గడపకే పోతాడు.

అలాగని శిక్షణ వట్టి దండగ అనీ చెప్పలేము. అహమ్మదాబాదులో సేవా బ్యాంకు ఖాతాదారులైన ఆడవాళ్లకు రెండు దినాలు వ్యాపార పాఠాలు చెప్పారు. కొందరిని ఒంటరిగా పిలిచారు, కొందరిని తోడుగా ఒక స్నేహితురాలిని వెంటబెట్టుకుని రమ్మన్నారు. పాఠాలవే. నాలుగు నెలలు గడిచాక చూస్తే తోడుతో వచ్చినవాళ్లకు వ్యాపారమూ ఇంటి రాబడీ పెరిగాయి, ఒంటరిగా వచ్చినవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఈ సంగతి 2016లో అచ్చయింది. సంఘాల్లో పనిచేసేవాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు గానీ, తరగతులు పెట్టే అధికారులు మాత్రం ఒక్కొక్కరి పేరు రాసుకుని, ఫోటో తీసుకుని, పంపేస్తున్నారు. నలుగురు కలిసి మండీలో ఒక్క పాటగా సరుకు కొనడం, చీటీ వేసుకుని పొద్దుటి పెట్టుబడి తామే సమకూర్చుకోవడం, ఇట్లాంటివి జంటలుగా, గుంపులుగా కూర్చోబెట్టి నేర్పితే ఉపయోగం.

ఇంకొకటి ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టంలో కూడా శిక్షణ మాట ఉంది. అయితే అక్కడ చెప్పింది, చట్టమిచ్చిన హక్కులను వాడుకునే సామర్థ్యం వ్యాపారులకు కలిగించాలని. పట్టణ విక్రయ కమిటీలో నూటికి 40 మందికి తక్కువ కాకుండా వ్యాపారులు ఎన్నుకున్నవారే ఉండాలి, వారిలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. సర్వే జరిపి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపేయరాదు. ఈ పాఠం ఎక్కడ చెబుతున్నారు? వీధిలో గంపమనిషి తక్కెడకు ముద్ర ఉందా అని గద్దించేవాళ్లను చూశాం గానీ, ఈ ముక్క చెప్పేవాళ్లు మాకింతవరకు తగల్లేదు.

చాపాడు పంచాయతీ ఊరు కదా, పట్టణ చట్టం మనకు వర్తించదు అని కొందరు తిప్పి పంపేస్తారు. అది సరికాదు. కాపురం ఎక్కడైనా, అమ్ముకునేది పట్టణంలో అయితే ఆమె ఆ పట్టణపు వీధి వ్యాపారే. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి అమ్ముకునేవారికి మునిసిపాలిటీ సిఫార్సు లేఖ మీద స్వనిధి అప్పు ఇవ్వాలని పథకం నిబంధనల్లోనే రాశారు.

అందుకని ప్రొద్దుటూరులో అమ్ముకుంటున్న మన మండలపు ఆడవాళ్ల జాబితా ఊరివారీగా తయారుచేయాలని సంఘం శాఖలను కోరుతున్నాం. పేరు, అమ్మే చోటు, ఎన్నేళ్లుగా అమ్ముతున్నది, రోజు వడ్డీకి ఎంత తెస్తున్నది, ఈ నాలుగూ రాసుకుంటే చాలు. సిఫార్సు లేఖల కోసం మునిసిపల్ ఆఫీసుకు ఒక్కొక్కరే కాక అందరూ ఒకే దినం పోవాలి. కాలువ కట్టేయకముందే ఈ పని ముగించుకుంటే మంచిది.