సౌందర్య సాధనాల విక్రయం – లైసెన్సు, రిజిస్ట్రేషన్ నియమాలు: ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: భారతదేశంలో సౌందర్య సాధనాలపై నియంత్రణ ప్రధానంగా తయారీ, దిగుమతి దశలలోనే అమలవుతుంది. తయారీదారు, దిగుమతిదారు, విక్రేతల చట్టబద్ధ బాధ్యతలను వేరుచేసి చూపడం, చిన్న ఉత్పత్తిదారులకు వాటి ప్రాధాన్యాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: సౌందర్య సాధనాలు, తయారీ లైసెన్సు, దిగుమతి రిజిస్ట్రేషన్, లేబులు, విక్రేత బాధ్యత.

1. ప్రవేశిక

నలుగుపిండి, కాటుక, తలనూనె తెలుగువారి ఇళ్లలో తరతరాలుగా తయారవుతున్నవే. సొంత వాడకానికి చేసుకున్నంతవరకు వాటికి లైసెన్సు అవసరం లేదు. అమ్మకం కోసం తయారుచేసినప్పుడు మాత్రం అవి చట్ట పరిధిలోకి వస్తాయి. 1940 నాటి ఔషధ చట్టంలో సౌందర్య సాధనాలను 1962 నాటి సవరణ చేర్చింది. వీటికి ప్రత్యేకించిన ‘సౌందర్య సాధనాల నిబంధనలు’ 2020 డిసెంబరులో వెలువడ్డాయి.

2. నిర్వచనం

శుభ్రత కోసం, అందం కోసం, రూపాన్ని మార్చడం కోసం శరీరంపై రుద్దే, పోసే, చల్లే, పూసే పదార్థాన్ని చట్టం సౌందర్య సాధనంగా పరిగణిస్తుంది. ఇక్కడ ఉద్దేశమే కీలకం. చర్మాన్ని మృదువుగా ఉంచుతుందని చెప్పే లేపనం సౌందర్య సాధనం; తామరను నయం చేస్తుందని చెబితే అది ఔషధాల నియమాల కిందికి వెళుతుంది. ఆయుర్వేద ఉత్పత్తిగా అమ్మదలచినవారికి వర్తించే లైసెన్సు విధానం వేరు.

3. తయారీ, దిగుమతి

దేశీయ తయారీకి రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి అనుమతి ఇస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఈ బాధ్యత ఆయా ఔషధ నియంత్రణ పరిపాలన శాఖలది. సొంత కర్మాగారం ఉన్నవారికి సి.ఓ.ఎస్.-8, లైసెన్సు గల మరొకరి కర్మాగారాన్ని వినియోగించుకునేవారికి సి.ఓ.ఎస్.-9 నమూనాలో లైసెన్సు లభిస్తుంది. తగిన ఆవరణ, పరికరాలు, అర్హత గల సాంకేతిక సిబ్బంది, పరీక్షల ఏర్పాటు దీనికి అవసరం.

విదేశీ ఉత్పత్తులకు కేంద్ర అధికారి వద్ద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సి.ఓ.ఎస్.-2 ధ్రువపత్రం ఐదేళ్లు చెల్లుతుంది. జి.ఎస్.టి., ఉద్యమ్, ట్రేడ్‌మార్కు నమోదులేవీ ఈ అనుమతులకు ప్రత్యామ్నాయాలు కావు.

‘తయారీ’ అన్న పదానికి చట్టం ఇచ్చిన అర్థం విస్తృతమైనది. అమ్మకం కోసం ప్యాకింగ్ చేయడం, లేబులు అంటించడం కూడా అందులో భాగమే. సాధారణ చిల్లర వ్యాపారంలో జరిగే ప్యాకింగ్‌కు మాత్రమే మినహాయింపు ఉంది. కనుక టోకున కొన్న క్రీమును సీసాలలో నింపి సొంత పేరుతో మార్కెట్లోకి తెచ్చే వ్యక్తి, తాను కేవలం వ్యాపారినని చెప్పుకోవడం చెల్లదు.

4. విక్రేత బాధ్యత

సౌందర్య సాధనాల చిల్లర విక్రయానికి నిబంధనలు ప్రత్యేక లైసెన్సును నిర్దేశించలేదు. అంతమాత్రాన విక్రేతకు బాధ్యత లేదనుకోరాదు. నాణ్యతాప్రమాణాలు లేని, తప్పుడు లేబులు గల, నకిలీ సరుకును అమ్మడాన్ని 18వ సెక్షన్ నిషేధిస్తుంది. ఇన్‌స్పెక్టరు కోరినప్పుడు సరుకు ఎవరి వద్ద కొన్నారో తెలపాలని 18-ఎ సెక్షన్ చెబుతుంది. లైసెన్సు గల తయారీదారు నుంచి సక్రమంగా కొని, లోపాన్ని తగిన శ్రద్ధతోనూ గుర్తించలేని స్థితిలో ఉండి, సరుకును సరిగా నిల్వచేసిన విక్రేతకు 19వ సెక్షన్ రక్షణ కల్పిస్తుంది. అందువల్ల కొనుగోలు బిల్లు విక్రేతకు ముఖ్యమైన ఆధారం. లేబులుపై తయారీదారు చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, వాడకపు గడువు, పదార్థాల వివరాలు ఉన్నాయో లేవో చూసుకోవడం కూడా అంతే అవసరం.

5. ముగింపు

లైసెన్సు కేవలం కాగితపు లాంఛనం కాదు. కంటి చుట్టూ వాడే సాధనాలలో పాదరసం పది లక్షల భాగాలకు 70 భాగాలను, ఇతర సాధనాలలో అనుకోకుండా చేరినది ఒక భాగాన్ని మించరాదు. ఇంత సూక్ష్మ పరిమాణాన్ని వంటింట్లో కొలవడం సాధ్యం కాదు. ముడిసరుకు సహజమైనదైనంత మాత్రాన ఈ ప్రశ్న తొలగిపోదు. అయితే సొంత ప్రయోగశాల, కర్మాగారం నెలకొల్పడం చిన్న ఉత్పత్తిదారులకు, మహిళా సంఘాలకు తలకు మించిన భారం. మరొకరి కర్మాగారంలో తయారుచేయించుకునే సి.ఓ.ఎస్.-9 మార్గం వారికి అందుబాటులో ఉన్న చట్టబద్ధమైన దారి. ఈ సమాచారం సులభమైన తెలుగులో వారికి చేరితే, వినియోగదారుని ఆరోగ్యానికీ ఉత్పత్తిదారుని జీవనోపాధికీ ఒకేసారి రక్షణ లభిస్తుంది.