అనపకాయకు వాసనే వెల
పితికిపప్పు రుచిని బట్టి సాగే చలికాలపు బేరం

తిరుపతి: మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ప్రాంతాలలో టమాటా బేరం ఏడాది పొడవునా ఉండేదే. చలి ముదిరేసరికి దాని పక్కన మరో సరుకు తలెత్తుతుంది. అది అనపకాయ. డిసెంబరులో ఊపందుకుని జనవరి నెలాఖరుకు సడలిపోయే ఈ వ్యాపారానికి మద్దతు ధర లేదు, వాయిదా బేరం లేదు, గిడ్డంగిలో దాచి మంచి ధర కోసం వేచి చూసే వీలు అసలే లేదు. ఉదయం మండీలో పాట ఎంత పలికినా, ఆ ధర నిలిచేదీ లేనిదీ సాయంత్రం వంటింట్లో తేలుతుంది.

అనప చిక్కుడు కుటుంబానిదే. అయితే చిక్కుడును తొక్కతో సహా వండుతారు, అనపను గింజ కోసమే కొంటారు. కన్నడిగులు దీనిని అవరెకాయ అనీ, తమిళులు మొచ్చై అనీ పిలుస్తారు. మూడు భాషల వారూ ఇష్టపడే సరుకు కావడం వల్ల, మూడు రాష్ట్రాలు కలిసే ఈ ఎల్లలో దీనికి మూడు వైపుల నుంచీ గిరాకీ ఉంటుంది.

వంటింటి లెక్క

ఉమ్మడి చిత్తూరు జిల్లా ఇండ్లలో ఈ గింజతో జరిగే వంట తీరు తెలిస్తేనే బేరం తీరు తెలుస్తుంది. కాయ ఒలిచి గింజ తీయడం మొదటి పని. ఆ గింజను కొన్ని గంటలు నీళ్ళలో నానవేసి, ఒక్కొక్కటిగా రెండు వేళ్ళ మధ్య పితికితే పైతోలు విడిపోయి లోపలి పచ్చని బద్ద బయటికి జారుతుంది. అదే పితికిపప్పు. అల్లం, తెల్లగడ్డ, ధనియాలు, మిరపకాయలు, పచ్చికొబ్బరి కలిపి నూరిన ముద్ద, ఎర్రగడ్డ తాలింపు, దొడ్డిలో కోసిన కరివేపాకు, దించే ముందు గుప్పెడు కొత్తిమీర. ఈ కూర రాగిసంగటిలోకైనా, దోసెలోకైనా, వడలోకైనా ఒదుగుతుంది. ఉల్లి, వెల్లుల్లి ముట్టని ఇండ్లలో ఇంగువ, పచ్చిమిరప, కొబ్బరితోనే సరిపెడతారు. తోలు తీసే తీరిక లేనివారు గింజను అలాగే వంకాయతోనో, ఉర్లగడ్డతోనో కలిపి పులుసు పెడతారు. ఉప్పు వేసి ఉడికించి గుగ్గిళ్ళుగా తినడమూ ఉంది.

ఈ కారణంగా అనపకాయ రాబడి పెరిగిన రోజుల్లో కొత్తిమీర కట్ట, అల్లం, కొబ్బరికాయ కూడా చురుకుగా కదులుతాయి. కూరగాయల అంగడిలో ఒక సరుకును ఆనుకుని మరో నాలుగు సరుకులు నడవడం కొత్త కాదు. కానీ పితికిపప్పు విషయంలో ఆ ముడి మరీ గట్టిది. కొత్తిమీర దొరకని నాడు కొనేవారు అనపకాయనూ తగ్గించి తూయించుకుంటారు.

వాసన ఎక్కడిది?

కాయను చేతిలో నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్న తర్వాతే పాత వర్తకులు ధర చెబుతారు. మంచి అనపకాయ తొక్క వేళ్ళకు జిడ్డుగా అంటుకుంటుంది. తొక్కపై ఊరే ఈ జిడ్డులోని కొవ్వు ఆమ్లాలే ఆ ప్రత్యేకమైన వాసనకు మూలమని పరిశోధకులు తేల్చారు. కన్నడంలో దీనికి ‘సొగడు’ అనే పేరు ఉంది. బెంగళూరు కొనుగోలుదారులు సరుకుకు వెలకట్టేది ఈ సొగడును చూసే.

నాటు అనప పగటి వేళ తగ్గితే గాని పూయదు. వానాకాలంలో చెనిక్కాయతోపాటు విత్తినా, ఆకులు తీగలతో కాలం గడిపి, రోజులు కురచబడ్డాకే పూతకు వస్తుంది. పూత, కాయ రెండూ మంచు కురిసే కాలంలో పడతాయి. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంటే మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. పడమటి మండలాల చలిలో పండిన కాయకు వాసన ఎక్కువని వర్తకుల నమ్మకం, అందుకే తిరుపతి అంగళ్ళలో సైతం ‘పడమటి కాయ’ అంటే గిరాకీ.

రాత్రి నిలిస్తే నష్టం

సొగడు నిలువ ఉండే గుణం కాదు. కోసిన నాటి కాయకూ మరునాటి కాయకూ తూకంలో తేడా కొద్దిగానే కనబడినా, కూరలో తేడా బాగా తెలుస్తుంది. మంచు ఆరకముందే కోసి గోనెసంచిలో కుక్కిన కాయ లోపల ఆవిరి పట్టి, తెల్లవారేసరికి పసుపు తిరిగి మచ్చలు తేలుతుంది. మబ్బు పట్టిన రోజులలో పేనుబంక, కాయతొలుచు పురుగు వల్ల పుచ్చు పెరుగుతుంది. కాయ ఒలిస్తే గింజ వచ్చేది సుమారు సగం, తరచు ఆ లోపే. పుచ్చు, లేతకాయ కలిసిన సంచిలో ఈ పాలు ఇంకా పడిపోతుంది. కనుక సంచి పైవరుస చూసి కాక, అడుగు నుంచి పిడికెడు తీసి ఒలిచి చూసి పాట పాడడం అనుభవజ్ఞుల పద్ధతి.

మదనపల్లె నుంచి బెంగళూరు సుమారు 120 కిలోమీటర్లు, తిరుపతి నుంచి చెన్నై సుమారు 140 కిలోమీటర్లు. రెండు నగరాలకూ ఒక పూటలో సరుకు చేరుతుంది. బెంగళూరు వి.వి.పురంలో 2000 ప్రాంతంలో ఆరంభమైన అవరెకాయ మేళా ఏటా చలికాలంలో ఈ గింజకు మంచి ప్రచారం తెచ్చిపెట్టింది. మాగడి, కోలారు ప్రాంతాల సరుకు అక్కడ ముందు వరుసలో ఉన్నా, కోలారుకు ఆనుకొనివున్న మన పడమటి మండలాలకూ ఆ గిరాకీ ఊరట నిచ్చేదే.

ఒలిచిన గింజ, పితికిన పప్పు

ఇటీవలి కాలంలో కాయ కన్నా ఒలిచిన గింజకు, దానికన్నా పితికిన పప్పుకు పట్టణాలలో అడుగుతున్నవారు పెరిగారు. వేళ్ళు నొప్పి పుట్టే ఈ పనికి ఉద్యోగాలు చేసే ఇండ్లలో తీరిక లేదు. అంగడి దగ్గరే కూర్చుని పితికి అమ్మే ఆడవారికి ఇది నాలుగు డబ్బులు తెచ్చే పని. అయితే ఇందులో రెండు చిక్కులున్నాయి. నానిన గింజ నీటిని పీల్చుకుంటుంది కనుక, ఆ నీరు కూడా తూకంలో కలుస్తుంది. తోలు వీడిన పప్పు కాయ కన్నా చాలా త్వరగా పులుస్తుంది. ఏ పూటకు ఎంత అమ్ముడుపోతుందో అంచనా లేకుండా పితికించినవారు సాయంత్రానికి నష్టపోతారు.

మారుతున్న సాగు

ఈ సరుకుకు అసలు బెడద పొలంలో ఉంది. నాటు అనప ప్రత్యేకంగా వేసిన పంట కాదు. చెనిక్కాయ చేలో అక్కడక్కడ ఒక సాలుగా వచ్చి, పెద్ద పెట్టుబడి లేకుండా రైతుకు పండుగ ఖర్చు తెచ్చిపెట్టేది. గత రెండు దశాబ్దాలలో ఈ ప్రాంతంలో చెనిక్కాయ సాగు బాగా తగ్గింది, దానితో సాలు అనపకూ చోటు తగ్గింది. బోరునీరు ఉన్న చోట టమాటా ఆ భూమిని తీసుకుంది.

మరోవైపు బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన హెబ్బాళ అవరె 3, 4 రకాలు పగటి నిడివితో నిమిత్తం లేకుండా ఏ కాలంలోనైనా కాస్తాయి. వీటివల్ల వేసవిలోనూ కాయ దొరుకుతోంది, రైతుకు తొందరగా చేతికి వస్తోంది. ఆ మేలు కాదనలేనిది. అయితే కాలం కాని కాలంలో వచ్చిన కాయకు చలికాలపు సొగడు రాదని కొనేవారి ఫిర్యాదు. రెండింటినీ ఒకే కుప్పలో పోసి ఒకే ధరకు అమ్మితే నాటుకాయ పండించిన రైతుకు ప్రత్యేకంగా దక్కేది ఏమీ ఉండదు, మరుసటి ఏడు అతడు విత్తనం పక్కన పెడతాడు. కుప్పలు వేరు చేసి పాట పెట్టడానికి వర్తకులకు అయ్యే ఖర్చు స్వల్పం. వాసన ఉన్న కాయకు కొంత ఎక్కువ ఇవ్వడానికి వెనుదీయని ఇండ్లు ఈ ప్రాంతంలో ఇంకా చాలానే ఉన్నాయి.

భోగి, సంక్రాంతి, కనుమ రోజులకు గుమ్మడికాయ, గెనుసుగడ్డతోపాటు అనపకాయ కొనని ఇల్లు పడమటి మండలాలలో అరుదు. పండుగకు ముందు వారం ధరలు బిగుసుకోవడం, కనుమ దాటిన తర్వాత మెత్తబడడం రివాజు. ఆపై చేలో ముదిరిన కాయ ఎండుగింజగా మారి మూటలకెక్కుతుంది. ఎండుగింజను ఎక్కువసేపు నానబెట్టి పితికినా పప్పు వస్తుంది, కూర అవుతుంది. కానీ మూత తీయగానే పక్కింటికి తెలిసే వాసన అందులో ఉండదు. పచ్చికాయకూ ఎండుగింజకూ ధరలో ఉండే తేడా ఆ వాసనదే.