బరంపురమున నొక పూట

రైలు మూడు గంటలు ఆలస్యమని విన్న ప్రయాణికుని విసుగు చెప్పనలవి కాదు. మొన్న బరంపురము స్టేషనులో మాకట్టి యవస్థయే కలిగినది. ఆకలిగొని రెండు వీథులు దాటగా, ఒరియా లిపిలో బోర్డు గల పెంకుటింటి అరుగుపైనుండి ఒక వృద్ధురాలు “భోజనానికేనా బాబూ? లోపలికి రండి” అని పిలిచినది.

అరిటాకులో వేడియన్నము, ముద్దపప్పు, నేయి, ఆవపెట్టిన పనసపొట్టు కూర. ప్రక్కనే కూరగాయలతో నుడికిన ఒరియావారి దాల్మా. తుదకు చారు, మజ్జిగ. ఆ యూరి అప్పడములు, ఊరగాయలు వాసికెక్కినవే కదా! ఒక్క విస్తరిలో రెండు జాతుల వంట తగవులేక యిమిడినది. “ఇంకొంచెం, బాబూ” అని యామె మారు వడ్డించుటలో వ్యాపారచ్ఛాయయే లేదు.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు, అంతవరకు మదరాసు ప్రెసిడెన్సీలో నున్న యీ పట్టణము సరిహద్దు కావలిదయ్యెను. ఆ గీత వంటింటిలోనికి రాలేదు. కాని పైకము పుచ్చుకొన్న మనుమడు, చక్కని తెలుగు మాటలాడు బాలుడు, మా చేతి పత్రికను జూచి “మాట వచ్చును గాని అక్షరాలు రావండి” అని తల వంచుకొనెను. “నేర్పేవారేరీ బాబూ?” అనినది అవ్వ.

రాజధానిలో సభలు చేసి భాషను బొగడు మనము దీనికేమి బదులు చెప్పగలము? ఇల్లు చేరగనే యొక పెద్దబాలశిక్ష పంపితిమి. అన్నము పెట్టిన యింటికి అక్షరమైన నీయనిచో మన భాషాభిమానము వట్టి నోటిమాటయే.